షడ్జం ఎక్కడ? గిటార్‌పై హంగేరియన్ మైనర్ స్కేలు: ఒక కేస్ స్టడీ

ఒక స్కేలు వేళ్లకు పూర్తిగా పట్టుబడ్డాక కూడా సంగీతంగా పలకకపోతే, లోపం సాధనలో ఉందని అనుకోవడం గిటార్ నేర్పేవాళ్లలో చాలామందికి అలవాటు. మెట్రోనోమ్ (లయను టిక్కులతో చూపే సాధనం) పెట్టుకుని ఇంకా వాయించమని చెప్పి పంపిస్తాం. ఈ కేసులో సాధనకు ఏ కొరతా లేదు. వేళ్లు చక్కగా నడుస్తున్నాయి, స్వరాలు సరిగానే పడుతున్నాయి, అయినా వాయించేది ఎక్కడా ముగిసినట్టు ఉండదు. కారణం వెతుకుతూ వెళితే అది చేతిలో కాక చెవిలో దొరికింది. ఆ వెతుకులాట ఇతర ఉపాధ్యాయులకు ఉపయోగపడుతుందని వివరంగా రాస్తున్నాను. విద్యార్థి అనుమతి తీసుకున్నాను. ఆయన్ను గుర్తుపట్టే వీలున్న వివరాలు తొలగించాను.

నేపథ్యం

విద్యార్థి ముప్పైల్లో ఉన్న ఉద్యోగి. కొన్నేళ్లుగా ఎలక్ట్రిక్ గిటార్ వాయిస్తున్నారు. పెంటటోనిక్, బ్లూస్, హార్మోనిక్ మైనర్ స్కేళ్ల మీద మంచి పట్టు ఉంది. చిన్నతనంలో కర్ణాటక గాత్రం నేర్చుకుని, సరళీ వరసలు, జంట వరసలు, అలంకారాలు దాటి గీతాల దాకా వచ్చి మానేశారు. గిటార్‌కు దానితో సంబంధం లేదనుకుని ఈ సంగతి మొదట్లో చెప్పలేదు. చివరికి కేసంతా దాని చుట్టూనే తిరిగింది.

ఆయన కోరిక స్పష్టం. స్నేహితులతో కలిసి వాయించే బృందంలో, మాటలు లేని ఒక రాక్ రచన ఉంది. ఏ మైనర్‌లో నెమ్మదిగా మొదలై వేగం అందుకుంటుంది. మధ్యలో ఒక నిమిషం పాటు హంగేరియన్ మైనర్‌లో సోలో వాయించాలి.

'ఏ' (A) అనే స్వరం నుంచి మొదలుపెడితే ఈ స్కేలు స్వరాలు ఇవి: ఏ, బి, సి, డి షార్ప్, ఇ, ఎఫ్, జి షార్ప్. హార్మోనిక్ మైనర్‌లో నాలుగో స్వరాన్ని ఒక ఫ్రెట్ (గిటార్ మెడ మీది ఒక మెట్టు) పైకి జరిపితే ఇదే వస్తుంది. స్వరాల మధ్య దూరాలను ఫ్రెట్లలో లెక్కిస్తే 2, 1, 3, 1, 1, 3, 1. రెండు చోట్ల మూడు ఫ్రెట్ల ఖాళీ, మధ్యలో డి షార్ప్, ఇ, ఎఫ్ పక్కపక్కనే గుంపుగా ఉండటం దీని ప్రత్యేకత. కర్ణాటక సంగీతంలో 57వ మేళకర్త (మూల రాగం) సింహేంద్రమధ్యమం స్వరస్థానాలు సరిగ్గా ఇవే.

పేరు గురించి ఒక మాట. ఈ స్కేలు హంగేరీ పల్లెపాటల నుంచి పుట్టిందని చాలామంది అనుకుంటారు. 19వ శతాబ్దంలో హంగేరీ పట్టణాల్లో రోమానీ (జిప్సీలని పిలిచేవారు) వాద్యబృందాలు వయొలిన్, సింబలోమ్ (చిన్న సుత్తులతో మోగించే తీగల వాద్యం)లతో వాయించిన శైలిలో ఇది ప్రపంచానికి పరిచయమైంది. హంగేరీలో పుట్టిన స్వరకర్త ఫ్రాంజ్ లిస్ట్ ఆ శైలిని పియానోకు తెచ్చి, 1859లో వెలువరించిన పుస్తకంలో హంగేరీ సంగీతానికి మూలం రోమానీలేనని వాదించాడు. 20వ శతాబ్దం తొలి సంవత్సరాల్లో హంగేరీ స్వరకర్తలు బేలా బార్టోక్, జోల్తాన్ కొదాయ్ ఊరూరూ తిరిగి రైతుల పాటలు సేకరించినప్పుడు, పాత తరం పాటల్లో ఎక్కువగా వినిపించినది ఐదు స్వరాల స్కేలు. విద్యార్థికి ఈ చరిత్ర చెప్పడానికి ఒక కారణం ఉంది. ఆయన వెతుకుతున్న రుచి ఆ వయొలిన్ వాద్యకారుల పలుకులో ఉంది. స్వరాలు ఏ ఫ్రెట్లలో ఉన్నాయో చూపే స్కేలు పటం ఒక్కటే ముందు పెట్టుకుంటే అది దొరకదు.

సమస్య

ఆయన నా దగ్గరికి వచ్చేటప్పటికే స్కేలు మొత్తం ఫ్రెట్‌బోర్డు మీద కంఠస్థం చేశారు. మంచి వేగంతో ఎక్కి దిగుతున్నారు. సోలో వాయించమంటే మాత్రం మూడు ఇబ్బందులు కనిపించాయి. పలుకులన్నీ (అంటే స్వరాలతో కట్టిన చిన్న వాక్యాలు) గాలిలో వేలాడుతున్నట్టు ఆగిపోతున్నాయి. డి షార్ప్ పడ్డ ప్రతిసారీ పొరపాటున తగిలిన స్వరంలా వినిపిస్తోంది. వేగం పెరిగితే మణికట్టు నొప్పి పుడుతోంది.

ఇంకో చిన్న చిక్కు ముందే తీర్చాల్సి వచ్చింది. ఆయన దగ్గర రెండు స్కేలు పటాలున్నాయి. ఒకదానిలో ఏడో స్వరం జి షార్ప్, ఇంకోదానిలో మామూలు జి. హంగేరియన్, జిప్సీ అనే పేర్లను పుస్తకాలు ఒకే తీరుగా వాడవు. హంగేరియన్ మేజర్ అనే స్కేలు అయితే పూర్తిగా వేరు. పేరును బట్టి తేల్చడం కష్టం కనుక రచనను బట్టి తేల్చాం. వాళ్ల రచనలో ఏ మైనర్‌కు తిరిగి వచ్చే ముందు ఇ మేజర్ కార్డ్ (కలిపి మోగించే స్వరాల గుంపు) ఉంది. అందులో జి షార్ప్ ఉంది. కాబట్టి జి షార్ప్ ఉన్న పటమే ఈ పనికి సరైనది. రెండో పటాన్ని పక్కన పెట్టమన్నాను.

ప్రయత్నించినవి, ఫలించనివి

మొదటి అనుమానం కార్డ్‌ల మీద. ఆయన సాధన చేస్తున్న బ్యాకింగ్ ట్రాక్ (వెనక మోగే రికార్డు) ఏ మైనర్, డి మైనర్, ఇ సెవెన్ కార్డ్‌లతో నడుస్తోంది. డి మైనర్‌లోనూ, ఇ సెవెన్‌లోనూ మామూలు డి ఉంది. కింద డి మోగుతుంటే పైన డి షార్ప్ వాయిస్తే తప్పులా వినిపించక మానదు. హార్మోనిక్ మైనర్‌కు సరిపోయే ఆ ట్రాక్ ఈ స్కేలుకు సరిపోదు. దాన్ని మాన్పించి ఏ మైనర్, ఎఫ్, డి కలపని ఇ మేజర్, ఈ మూడింటితో చిన్న వరస రికార్డు చేసి ఇచ్చాను. డి షార్ప్ ఘర్షణ వెంటనే తగ్గింది. వేలాడే పలుకుల సమస్య మాత్రం అలాగే ఉండిపోయింది. అంటే కారణం ఒకటి కాదు, రెండు. మొదటిది పోయింది కనుక రెండోదాన్ని విడిగా చూసే వీలు కలిగింది.

తర్వాత హార్మోనిక్ మైనర్ దారి. తెలిసిన స్కేలులో ఒక్క స్వరం మార్చితే చాలు కదా, దాని మీదుగా వెళితే సులువని ఆయన అభిప్రాయం. ఆలోచన సబబుగానే ఉంది కనుక ఒప్పుకున్నాను. నెమ్మదిగా ఉన్నంతసేపు బాగానే నడిచింది. వేగం పెరగగానే పాత అలవాటు చేతిని మామూలు డి మీదకు లాగింది. వేళ్లు ఏళ్ల తరబడి వాయించిన దారి తీసేసి ఒక్క మలుపు కొత్తగా వేయడం, మొత్తం దారి కొత్తగా వేయడం కంటే కష్టమని అక్కడ తేలింది. పైగా ఈ పద్ధతిలో డి షార్ప్ ఎప్పటికీ మార్చిన డి గానే మనసులో ఉండిపోతుంది. దానికి సొంత పని ఒకటి ఉందని చెవికి తెలియదు.

ఇక మూడోది, ప్రతి పలుకునూ 'ఏ' (A) స్వరం మీదే ముగించమని చెప్పడం. ఇది చాలామంది ఉపాధ్యాయులు ఇచ్చే సలహానే. ఆయన చెప్పినట్టే చేశారు. ముగింపు స్వరం ఏ అయింది కానీ, పలుకు నడక మొత్తం వేరే చోటికి వెళుతూ ఉండి చివర్లో ఏ మీదకు బలవంతంగా వచ్చి ఆగింది. అప్పుడు ఆయన అన్న మాట నాకు దారి చూపింది: "మాస్టారూ, ఇ మీద ఆగితేనే ముగిసినట్టు ఉంది. ఏ మీద ఆగితే ఇంకా ఏదో వాయించాలి అనిపిస్తోంది."

కారణం దొరికిన తీరు

ట్రాక్ ఆపేసి, ఆయన్ను స్కేలు కొంచెంసేపు ఇష్టం వచ్చినట్టు వాయించమన్నాను. తర్వాత గిటార్ పక్కన పెట్టి, ఆ స్వరాల ఇల్లు, అంటే వచ్చి ఆగాల్సిన ఆధార స్వరమైన షడ్జం, ఎక్కడుందో గొంతుతో పాడమన్నాను. ఆయన క్షణం తడుముకోకుండా ఇ పాడారు. ఆ ఇ నుంచి పైకి స్వరాలు ఒక్కొక్కటిగా పాడమంటే, ఇ, ఎఫ్, జి షార్ప్, ఏ, బి, సి, డి షార్ప్, ఇ అని పాడుతూ పాడుతూ ఆయనే ఆగిపోయారు. అది మాయామాళవగౌళ. చిన్నతనంలో రోజూ పొద్దున్నే పాడిన సరళీ వరసల రాగం.

15వ మేళకర్త మాయామాళవగౌళలో మధ్యమాన్ని (నాలుగో స్వరాన్ని) షడ్జంగా తీసుకుంటే సింహేంద్రమధ్యమం వస్తుంది. కర్ణాటక సంగీతంలో దీన్నే గ్రహభేదం అంటారు. ఇ షడ్జమైతే ఏ దాని మధ్యమం. ఏడు స్వరాలూ అవే, ఇల్లు మాత్రం వేరు. పురందరదాసు ఏర్పరచినదని సంప్రదాయం చెప్పే ఆ తొలి పాఠాల వల్ల, మన దగ్గర గాత్రం నేర్చుకున్న పిల్లల చెవిలో మాయామాళవగౌళ అన్ని రాగాలకంటే ముందు స్థిరపడుతుంది. ఇక్కడ అదే జరిగింది. ఏ మీద ఆగితే ఇంకా ఏదో వాయించాలనిపించడానికి కారణం ఆయనకు అది మధ్యమంలా వినిపించడం.

అయితే బాల్యం ఒక్కటే కారణమని నేను అనుకోలేదు. ఆయన సాధన చేసిన పటం చూశాను. అది ఖాళీ తీగల (వేలు నొక్కకుండా మోగించే తీగల) దగ్గరి స్థానంలో ఉంది. ఆరో తీగ ఖాళీగా మోగే ఇ తో మొదలవుతుంది, మొదటి తీగ ఇ దగ్గర మళ్లీ ఊపిరి తీసుకుంటుంది. వారాల తరబడి, ఆధార స్వరం ఏదీ లేకుండా, మెట్రోనోమ్ చప్పుడుతో ఇ నుంచి ఇ దాకా వాయించారు. పైగా ఈ స్కేలు నిర్మాణమే చెవిని ఇ వైపు నెడుతుంది. ఇ కి కింద డి షార్ప్, పైన ఎఫ్, రెండు వైపులా ఒక్క ఫ్రెట్ దూరంలోనే కాపలా ఉన్నట్టు ఉంటాయి. ఏ కి ఆ సౌకర్యం లేదు. కింద జి షార్ప్ దగ్గరే ఉన్నా, పైనున్న బి రెండు ఫ్రెట్ల దూరం. కర్ణాటక నేపథ్యం లేని విద్యార్థులు కూడా ఇ వైపు జారడం చూశాను. ఈయన విషయంలో ఆ జారుడు గట్టి నమ్మకంగా మారింది, అంతే తేడా.

ఫలించినవి

కారణం తెలిశాక ఎదురైన మొదటి నిర్ణయం, ఆయన చెవిలోని మాయామాళవగౌళను అణచాలా, వాడుకోవాలా అన్నది. అణచడం అసాధ్యమని నా అభిప్రాయం. చిన్ననాటి శ్రుతిజ్ఞానం పోదు, పోకూడదు కూడా. అందుకని రెండు ఇళ్లనూ పక్కపక్కన పెట్టి, తేడాను ఆయన చెవికే చూపించాలనుకున్నాను. గిటార్ ఇందుకు అద్భుతంగా ఒదుగుతుంది.

పిక్ పక్కన పెట్టించి, స్కేలును నాలుగో తీగ ఒక్కదాని మీదే వాయించమన్నాను. 2వ ఫ్రెట్ ఇ, 3 ఎఫ్, 6 జి షార్ప్, 7 ఏ, 9 బి, 10 సి, 13 డి షార్ప్, 14 ఇ. బొటనవేలితో ఆరో తీగను ఖాళీగా మోగిస్తూ వాయిస్తే కింద ఇ మోగుతుంది, పైన సరళీ వరసలు పలుకుతాయి. ఎడమచేతిలో ఏమీ మార్చకుండా, బొటనవేలిని ఆరో తీగ నుంచి ఐదో తీగకు జరిపితే కింద ఏ మోగుతుంది. ఆ క్షణంలో అవే ఫ్రెట్లు హంగేరియన్ మైనర్ అవుతాయి. మొదటిసారి బొటనవేలు జరిపినప్పుడు ఆయన ముఖం మారింది. అప్పటిదాకా షడ్జానికి చేర్చే నిషాదంగా విన్న డి షార్ప్, పంచమానికి ఆనుకున్న ప్రతిమధ్యమంగా వినిపించింది. మనసులో మార్చిన డి గా ఉన్న స్వరానికి చోటు దొరికింది.

ఒకే తీగ మీద వాయించమనడానికి ఇంకో ఉద్దేశం ఉంది. అడ్డంగా పోయే పటంలో మూడు ఫ్రెట్ల ఖాళీ కంటికి కనిపించదు. ఒకే తీగ మీద అయితే చెయ్యి నిజంగా ఆ దూరం ప్రయాణం చేయాలి. సి నుంచి డి షార్ప్‌కు, ఎఫ్ నుంచి జి షార్ప్‌కు వెళ్లేటప్పుడు దూరం చేతికే తెలుస్తుంది.

తర్వాత, గిటార్ లేకుండా, 'ఏ' (A) శ్రుతికి తంబురా పెట్టుకుని స్వరాలు పాడటం. చతుశ్రుతి రిషభం, సాధారణ గాంధారం, ప్రతిమధ్యమం, శుద్ధ ధైవతం, కాకలి నిషాదం. సరళీ వరసలనే ఈ స్వరస్థానాలతో పాడించాను. వరస తెలిసినదే కనుక మనసు మొత్తం స్వరస్థానం మీద నిలిచింది. అలా పాడుతున్న కొద్దీ గిటార్ మీద మామూలు డి తగలడం బాగా తగ్గింది. చేతిని సరిదిద్దే బాధ్యత చెవి తీసుకుంది.

మణికట్టు నొప్పికి మార్గం వేలి బలంలో వెతకలేదు, పటంలో వెతికాను. ఆయన ప్రతి తీగకు మూడు స్వరాల చొప్పున వాయిస్తున్నారు. ఆ పద్ధతిలో మూడో తీగ మీద 5, 8, 9 ఫ్రెట్లు, రెండో తీగ మీద 6, 9, 10 వస్తాయి. ఆ చాపు ఏ చేతికైనా శ్రమే. మూడు ఫ్రెట్ల ఖాళీలన్నీ తీగ మారే చోట పడేలా పటం మార్చాం. ఆరో తీగ మీద 5, 7, 8. ఐదో తీగ మీద 6, 7, 8. నాలుగో తీగ మీద 6, 7 మాత్రమే. మూడో తీగ మీద 4, 5. రెండో తీగ మీద 4, 5, 6. మొదటి తీగ మీద 4, 5, 7, 8. నాలుగో తీగ నుంచి మూడో తీగకు దిగేటప్పుడు చెయ్యి ఒక్క ఫ్రెట్ వెనక్కి, మొదటి తీగ చివర్లో ఒక్క ఫ్రెట్ ముందుకు జరగాలి, అంతకు మించి చాపే పని ఎక్కడా లేదు. తీగకు ఇన్ని స్వరాలు అన్న సమానత పోయింది కానీ చెయ్యి తేలికపడింది, నొప్పి ఆగిపోయింది. పైగా ఈ పటం ఏ తో మొదలవుతుంది. చెవికి ఇంకో ఆసరా.

కార్డ్‌ల వైపు చేసిన చివరి మార్పు ఎఫ్ స్థానంలో ఎఫ్ సెవెన్ పెట్టడం. అందులో ఇ ఫ్లాట్ అని రాసే స్వరం గిటార్ మీద మన డి షార్ప్ ఫ్రెట్టే. పాశ్చాత్య శాస్త్రంలో జర్మన్ ఆగ్మెంటెడ్ సిక్స్త్ అనే కార్డ్ ఇదే పని చేస్తుంది. ఎఫ్ సెవెన్ నుంచి ఇ మేజర్‌కు వెళితే, ఎఫ్ కిందికి ఒక ఫ్రెట్ దిగి, డి షార్ప్ పైకి ఒక ఫ్రెట్ ఎక్కి, రెండూ ఇ దగ్గర కలుస్తాయి. ఇక్కడే ఆగితే మళ్లీ ఇ ఇల్లైపోతుంది. కాబట్టి ఇ మేజర్ మీద నిలవకుండా, అందులోని జి షార్ప్‌ను వెంటనే ఏ మీదకు చేర్చాలని నియమం పెట్టుకున్నాం. ఇ ఒక మజిలీ, ఏ గమ్యం. ఈ నియమం తర్వాతే ఆయన సోలోకు మొదలు, నడక, ముగింపు ఏర్పడ్డాయి.

కొత్తగా వచ్చిన చిక్కు

చెవి కుదిరాక ఇంకో సమస్య తలెత్తింది. ఆయన సింహేంద్రమధ్యమం వాయించడం మొదలుపెట్టారు. ప్రతిమధ్యమాన్ని బెండ్‌తో (తీగను పక్కకు లాగి) కదిలించడం, గాంధారాన్ని ఊపడం, పలుకు చివర పంచమం మీద నిలవడం. వినడానికి ఎంతో బాగుంది, నిజంగానే. కానీ ఆ బృందం రచనలో అది వేరే రచనలా వినిపించింది. స్వరస్థానాలు ఒకటే అయినంత మాత్రాన స్కేలు, రాగం ఒకటి కావు. రాగానికి గమకం (స్వరాన్ని ఊపే తీరు), సంచారం (స్వరాల నడక), నిలిచే స్వరాలు ఉంటాయి. రోమానీ వయొలిన్ శైలికి తన సొంత పలుకు ఉంది.

ఏది ఉంచాలన్నది ఆయన నిర్ణయమని చెప్పాను. ఆయన తొలి కోరికనే ఎంచుకున్నారు. అప్పుడు గమకాలు తగ్గించి, డి షార్ప్‌ను కదిలించకుండా నిటారుగా వాయించి, సి నుంచి దాని మీదకు నేరుగా దూకడం సాధన చేశాం. లయ మీద ఎక్కువ సమయం పెట్టాం. హంగేరియన్ భాషలో ప్రతి మాటకూ మొదటి అక్షరం మీదే ఊనిక పడుతుంది. అక్కడి సంగీతంలోనూ పలుకు తాళం దెబ్బ మీదే మొదలవుతుంది, దెబ్బకు ముందు ఎత్తుగడ అరుదు. మొదట పొట్టి స్వరం గట్టిగా, వెంటనే పొడవు స్వరం: ఈ నడక రాగానే రంగు మారిపోయింది. నెమ్మది భాగంలో తాళాన్ని సాగదీస్తూ, వేగం భాగంలో దాన్ని బిగించి పట్టడం కూడా ఆ శైలి నుంచే తీసుకున్నాం.

ఫలితం, పరిమితులు

బృందంతో రికార్డు చేసినప్పుడు సోలో అనుకున్న నిమిషం కంటే చిన్నదైంది. ఆయనే కుదించారు, నాకు అది నచ్చింది. నెమ్మది భాగం ఎక్కడా వెలితి లేకుండా వచ్చింది. వేగం భాగంలో అప్పుడప్పుడు మామూలు డి ఇంకా తగులుతోంది. హార్మోనిక్ మైనర్ పలుకులు ఆయన చేతిలో బలంగా ఉన్నంతకాలం అది పూర్తిగా పోదనుకుంటున్నాను. 'ఏ' (A) శ్రుతిలో కుదిరినది వేరే శ్రుతికి మార్చినప్పుడు మొదటి కొంతసేపు మళ్లీ ఇల్లు జారుతోంది. ఖాళీ తీగలు ఆధారంగా దొరకని శ్రుతుల్లో ఈ ఇబ్బంది ఎక్కువ. అక్కడ తంబురా యాప్ పెట్టుకుని సాధన చేస్తున్నారు.

రచనలో ఒక చిన్న చేర్పు ఆయన ఆలోచనే. సోలో మధ్యలో బేస్ గిటార్ కొద్దిసేపు ఏ వదిలి ఇ పట్టుకుంటుంది. ఆయన అదే పటంలో, అవే స్వరాలు వాయిస్తారు. వినేవాళ్లకు ఇల్లు మారిపోతుంది, మళ్లీ బేస్ ఏ కు రాగానే తిరిగి వస్తుంది. మొదట్లో అడ్డంకిగా ఉన్న వినికిడే ఇప్పుడు రచనలో భాగమైంది.

ఈ పద్ధతి వాడాలనుకునే ఉపాధ్యాయులకు: గాత్రం నేర్చుకున్న విద్యార్థి అయితే, స్కేలు పటం ఇవ్వక ముందే బొటనవేలి ప్రయోగం చేయించండి. సరళీ వరసలు తెలియని విద్యార్థికి ఆ తేడా అంత వేగంగా అందదు. వాళ్లకు ఎఫ్ సెవెన్, ఇ మేజర్, ఏ మైనర్ కార్డ్‌లతో మొదలుపెట్టి, వాటిలో డి షార్ప్, జి షార్ప్ ఎటు కదులుతున్నాయో పాడించి, ఆ తర్వాతే స్కేలు వాయించమంటున్నాను. పూర్తి పటం, వేగం రెండూ చివరికి ఉంచుతున్నాను. ఖాళీ ఇ తీగతో మొదలయ్యే పటం మాత్రం ఎవరికీ తొలి పాఠంగా ఇవ్వడం లేదు.